పనేమీ లేకుండా హైదరాబాదు



ఇవాళ మిమ్మల్ని ఒక మాట అడగాలి. హైదరాబాదు ఎందుకెందుకు వెళ్ళారు మీరు? మామగారి గుండె ఆపరేషనుకి, ఆడపడుచు కూతురి పెళ్ళికి, పిల్లాడి కాలేజీ సీటు కోసం, అమ్మాయి అమెరికా వీసా కోసం, కోడలి పురిటికి. ఏ బండి ఎన్నింటికి చేరుతుందో, ఏ ఆసుపత్రి క్యాంటీన్లో ఇడ్లీ బాగుంటుందో కూడా చెప్పగలరు. అదే "చార్మినార్ ఎక్కారా?" అంటే "కార్లో వెళ్తూ చూశాం" అంటారు. "సాలార్‌జంగ్ మ్యూజియమో?" అంటే "ఎప్పుడో బళ్ళో ఉన్నప్పుడు ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళారు" అంటారు.

మన ఆడవాళ్ళ ప్రయాణాలు చాలావరకు ఇంతే. వెనకాల ఒక పని ఉండాలి, ఆ పని ఇంకెవరిదో అయి ఉండాలి. పోనీ ఇంటిల్లిపాదీ సరదాగా ఊళ్ళు చూడ్డానికి బయల్దేరామనుకోండి, అక్కడా పులిహోర డబ్బా మన సంచిలోనే, బీపీ మాత్రలు మన పర్సులోనే, పిల్లలందరూ ఉన్నారా లేదా అని చూసుకోవడం మన వంతే. ఒక శిల్పం ముందు నిలబడి తనివితీరా చూద్దామంటే "పదండి పదండి, టైమవుతోంది" అని ఎవరో ఒకరు అంటారు. నేను ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యడం లేదు. అలా అలవాటు పడిపోయాం, అంతే. ఆ అలవాటుని ఏడాదిలో ఒక్క శనాదివారమైనా పక్కన పెట్టాలన్నది నా గట్టి కోరిక. మొన్న చలికాలంలో మేం స్నేహితురాళ్ళం నలుగురం, ఎవరి పనీ నెత్తిన పెట్టుకోకుండా, హైదరాబాదు చూడ్డానికే హైదరాబాదు వెళ్ళొచ్చాం. ఆ ముచ్చట్లే ఇవాళ మీతో చెప్పుకుంటాను.

మేం నలుగురం రాజమండ్రిలో కలిసి చదువుకున్నవాళ్ళం. ఒకావిడ బ్యాంకులో పనిచేస్తుంది, ఒకావిడ హిందీ టీచరు, ఇంకొకావిడ బ్లౌజులు కుట్టే షాపు నడుపుతుంది, నాలుగోదాన్ని నేను. ఒకళ్ళ ఇంట్లో శుభకార్యమైతే మిగతా ముగ్గురం వెళ్తాం. కానీ పెళ్ళింట్లో ఏం మాట్లాడుకుంటాం చెప్పండి? చీర ఎక్కడ కొన్నావంటే ఎక్కడ కొన్నావనుకునేసరికి పంక్తి భోజనాలకి పిలుస్తారు. ఫోన్లో మాటలా, పాలు పొంగుతున్నాయనో, కాలింగ్ బెల్ మోగిందనో మధ్యలో ఆగిపోతాయి. మాలో ఎవరికీ ఎవరి మీదా ప్రేమ తగ్గలేదు. తీరిగ్గా కలిసి కూర్చునే చోటు మాత్రం లేకుండా పోయింది. ఈ ప్రయాణం అందుకు కూడా.

ముందుగా మేం తేల్చుకున్నది తేదీ. ఊరు, హోటలు, చూడాల్సినవి, అన్నీ తర్వాత. "ఎప్పుడైనా వెళ్దామే" అనుకున్న ప్రయాణం ఎప్పటికీ కదలదు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు కదా, తెరిచీ తెరవగానే గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి శుక్రవారం రాత్రి వెళ్ళడానికి, ఆదివారం రాత్రి తిరిగి రావడానికి టిక్కెట్లు తీసేసుకున్నాం. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి కింద బెర్తులు దొరకాలన్నా తొందరపడాల్సిందే. టిక్కెట్టు చేతిలో ఉంటే ఇంట్లో చెప్పే గొంతు కూడా మారుతుంది చూడండి. "వెళ్ళమంటారా?" అని అడిగే బదులు "ఫలానా శనివారం నేనుండను" అని చెప్పగలిగాం.

హిందీ టీచరు మాత్రం రాలేనంది. వాళ్ళ అత్తగారు మంచం మీద ఉన్నారు. మేం ఆవిణ్ణి బలవంతపెట్టలేదు. ఒక సాయంత్రం వాళ్ళింటికెళ్ళి పక్కన కూర్చుని, రోజంతా అత్తగారికి ఏమేం చేస్తుందో కాగితం మీద రాయించాం. ఏ మాత్ర ఎప్పుడు, జావ ఎంత పల్చగా ఉండాలి, పక్కకి ఎలా తిప్పి పడుకోబెట్టాలి, అన్నీ. రాశాక ఆ కాగితాన్ని వాళ్ళాయనా, కొడుకూ చదివారు. ఇన్ని పనులుంటాయని ఆ ఇంట్లో మొదటిసారి అందరికీ కళ్ళకి కట్టింది. పగలు కొడుకు, రాత్రి వాళ్ళాయన అని వంతులు వేసుకున్నారు. "నువ్వు వెళ్ళిరా అమ్మా, రెండు రోజులకి నేనేం అయిపోను" అని చివరికి అత్తగారే అన్నారట. ఇప్పటికీ ఆ కొడుకే నానమ్మకి పొద్దుటి మాత్రలు వేస్తున్నాడు.

ఇంకో రెండు మాటలు కూడా ముందే అనుకున్నాం. రెండు రోజులకి సరిపడా కూరలు వండి ఫ్రిజ్జు నింపి వెళ్ళకూడదని ఒకటి. బయల్దేరే ముందు రోజంతా పొయ్యి దగ్గర నిలబడితే రైలెక్కేసరికే ఒళ్ళు హూనమవుతుంది. దోసెల పిండి రుబ్బి పెట్టాం, ఆవకాయ జాడీ ఎలాగూ ఉంది, అన్నం కుక్కర్లో పెట్టుకోవడం ఎవరికైనా వస్తుంది. రెండోది, చుట్టాల ఇళ్ళల్లో దిగకూడదని. మా బ్యాంకు ఆవిడ పిన్నికూతురు ఎంతో ప్రేమగా రమ్మంది. కానీ ఆ ఇంట్లో దిగితే మనం కూర తరగకుండా కూర్చోలేం, వాళ్ళు మన కోసం రెండు పూటలా వండకుండా ఉండలేరు. ఆ మాటే ఆ అమ్మాయికి నెమ్మదిగా చెప్పి, లక్డీకాపూల్‌లో హోటల్ గది తీసుకున్నాం. బయల్దేరే ముందు నలుగురం సమానంగా డబ్బులు వేసి ఒక పర్సు చేశాం. ఆటోకి, టిఫినుకి, టిక్కెట్లకి అన్నిటికీ అందులోంచే. పర్సు బ్యాంకు ఆవిడ దగ్గరే ఉంది. "నేనిస్తానంటే నేనిస్తాను" అనే పెనుగులాట లేకపోతే ఎంత హాయో మీరే చూడండి.

పొద్దున్నే సికింద్రాబాదులో దిగి మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్ చేరాం. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. ఆటోవాళ్ళతో బేరాలాడే పని లేదు, దారి తెలియదన్న భయం లేదు. స్టేషన్లలో మరుగుదొడ్లు కూడా ఉంటాయి. అవునర్రా, ఈ మాట నేను నోరు విప్పి చెప్తాను. ప్రయాణమంటే మనలో చాలామంది మంచినీళ్ళు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి మంట, ఇంటికొచ్చాక డాక్టరు. మేం నలుగురం నీళ్ళు తాగాలని ఒట్టు పెట్టుకున్నాం. మ్యూజియం, మెట్రో స్టేషను, మంచి హోటలు, వీటిలో ఏది కనిపించినా "ఇప్పుడు అవసరం లేదులే" అనకుండా వెళ్ళొచ్చాం. నెలసరి తేదీలు చూసుకుని రోజు నిర్ణయించుకోవడం, సంచిలో ప్యాడ్లూ జెలుసిల్ మాత్రలూ పెట్టుకోవడం, మడమలకి హాయిగా ఉండే చెప్పులు వేసుకోవడం, ఇవన్నీ ఊరు చూడ్డంలో భాగమే.

గదిలో స్నానాలు చేసి బయటికొచ్చాక రెడ్‌హిల్స్ వైపు నాలుగడుగులు వేశాం. అక్కడే నిలోఫర్ ఆసుపత్రి. తెలుగునాట ఆ పేరు వినని తల్లి ఉండదు. బిడ్డని భుజాన వేసుకుని అక్కడికి పరుగెత్తిన వాళ్ళు మన ఊళ్ళల్లో ఎందరో. నిలోఫర్ ఎవరో మాత్రం చాలామందికి తెలియదు. టర్కీ రాజవంశంలో పుట్టి, ఏడో నిజాం రెండో కొడుకుని పెళ్ళాడి ఇక్కడికి వచ్చిన యువరాణి ఆవిడ. ఆవిడ దగ్గర పనిచేసే అమ్మాయి ఒకతె కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచే తల్లులకీ పిల్లలకీ ఒక ఆసుపత్రి కావాలన్న పట్టుదల పుట్టింది. 1953లో ఆసుపత్రి తెరిచారు. నిలోఫర్‌కి పిల్లలు లేరు. ఆ గేటు ముందు, చంకలో బిడ్డలతో లోపలికీ బయటికీ తిరుగుతున్న తల్లుల్ని చూస్తూ నిలబడ్డాం. మా టీచరు వాళ్ళబ్బాయిని పసితనంలో ఇక్కడికే తెచ్చిందట. "అప్పుడు పేరు చదివే స్థితిలో కూడా లేను" అంది.

అక్కణ్ణించి మెట్రోలో ఎం.జి.బి.ఎస్. దాకా, తర్వాత ఆటోలో చార్మినార్‌కి. పొద్దుటి పూట వెళ్ళండి చెల్లాయిలూ, జనం పల్చగా ఉంటారు. పక్కనే ఉన్న ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. డికాక్షన్ ఒక పెద్ద పాత్రలో మూతపెట్టి సన్నసెగ మీద మరుగుతూ ఉంటుంది, పాలు వేరుగా చిక్కబడేదాకా కాగుతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. మన ఇంటి టీలాగా అన్నీ ఒకే గిన్నెలో పోసి మరిగించరు. అందుకే ఆ చాయ్‌కి ఆ చిక్కదనం, ఆ రంగు. ఉస్మానియా బిస్కెట్టు ముంచితే తీపీ ఉప్పూ రెండూ తగులుతాయి. నలుగురు ఆడవాళ్ళం ఆ మార్బుల్ బల్ల చుట్టూ కూర్చుని, ఎవరికీ వడ్డించకుండా, వేడివేడి చాయ్ వేడిగా ఉండగానే తాగాం.

చార్మినార్‌ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. నాలుగు తోరణాలు నాలుగు దిక్కుల రోడ్లకి తెరుచుకుంటాయి, ఆ రోడ్ల చుట్టూ కొత్త నగరం పెరిగింది. లోపలి మెట్లు ఇరుకుగా, నిట్టనిలువుగా, మెలికలు తిరుగుతూ ఉంటాయి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఒకళ్ళ వెనక ఒకళ్ళం ఎక్కాం. పైనుంచి చూస్తే ఒక పక్క మక్కా మసీదు, ఒక పక్క లాడ్ బజారు, కింద తోపుడుబళ్ళ పళ్ళూ గాజుల దుకాణాలూ. టీవీలో, సినిమాల్లో చూసిన చార్మినార్‌లో మన కాళ్ళు లేవు కదా. ఆ మెట్ల ఎత్తు మన మోకాలికి తెలిసినప్పుడే ఆ కట్టడం మనదవుతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కీ శుక్రవారమే సెలవు. శనాదివారాల ప్రయాణానికి ఇబ్బంది లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ తన ఆదాయంలో చాలా భాగం పెట్టి సేకరించిన వస్తువులు, వాళ్ళ తాత తండ్రుల కాలం నుంచి వచ్చినవి, అన్నీ కలిపి 1951లో మ్యూజియంగా తెరిచారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. గ్యాలరీలు 40కి దగ్గరగా ఉంటాయి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడం. మేం తలా ఒకటి ఎంచుకుని, మిగతా ముగ్గురికీ అది చూపించాలని అనుకున్నాం.

మా షాపు ఆవిడ ఎంచుకున్నది మేలిముసుగు రెబెక్కా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. బైబిల్లో రెబెక్కా తనకి కాబోయే భర్తని దూరాన్నుంచి చూసి ముసుగు వేసుకుంటుంది, ఆ క్షణాన్ని రాతిలో పట్టుకున్నాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో దాన్ని కొన్నాడు. మేమంతా "ఎంత బాగుందో" అని పక్కకి జరగబోతుంటే షాపు ఆవిడ కదల్లేదు. ముసుగు నుదుటి మీద ఎక్కడ అతుక్కుందో, ముక్కు మీదుగా జారి పెదవుల దగ్గర ఎక్కడ కాస్త ఎడంగా నిలిచిందో, భుజం దగ్గర మడత ఎటు తిరిగిందో మాకు వేలెత్తి చూపించింది. "పల్చటి బట్ట ఇలాగే పడుతుంది. షిఫాన్ అయితే ఇంకా జారేది, ఇది సన్నటి మల్లు" అంది. జీవితమంతా బట్టతో గడిపిన మనిషి కళ్ళతో చూశాక ఆ రాయి మాకు నిజంగానే బట్టలా కనిపించింది. గైడు చెప్పే మాటల్లో ఇది దొరకదు. స్నేహితురాళ్ళతో వెళ్ళడంలో ఉన్న లాభం ఇదేనర్రా: ఒక ఊరిని నాలుగు జతల కళ్ళతో చూడొచ్చు.

పన్నెండు కొట్టే వేళకి గడియారం ముందుకి చేరాం. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్ళ నుంచి వచ్చిన గడియారం అది. గంట గంటకీ చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పక్కన కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కాబట్టి, పన్నెండింటికి జనం ఎక్కువ. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన వాళ్ళు, కాలేజీ పిల్లలు, మనవల్ని ఎత్తుకున్న తాతలు, అందరూ నేల మీద కూర్చుని ఆ చిన్న బొమ్మ కోసం ఎదురుచూస్తారు. అంతమంది ఒక్కసారి మౌనంగా దెబ్బలు లెక్కపెట్టడం చూసి నాకు ఒళ్ళు పులకరించింది.

భోజనానికి బిర్యానీ గురించి నేను చెప్పక్కర్లేదు. మాలో ఇద్దరు మాంసం తినరు, వాళ్ళకి కూరగాయల బిర్యానీ, అందరికీ కలిపి ఖుబానీ కా మీఠా చెప్పాం. ఎండు ఆప్రికాట్లు నానబెట్టి ఉడికించి చేసే ఆ తీపి మన వైపు పెళ్ళి భోజనాల్లో ఇంకా అంతగా కనిపించదు, తప్పకుండా రుచి చూడండి.

మధ్యాహ్నం చౌమహల్లా. ఆసఫ్‌జాహీ నవాబుల దర్బారు. ఖిల్వత్ హాల్లో వేలాడే 19 షాండ్లియర్ల గురించి అందరూ చెప్తారు. నేను ఇంకో సంగతి చెప్తాను. నవాబుల పాలన పోయాక ఈ ప్యాలెస్ పాడుబడిపోయింది. దీన్ని మళ్ళీ నిలబెట్టే పని చేపట్టింది ఎస్రా అనే ఆవిడ. ఏడో నిజాం మనవడు ముకర్రం జాకి మొదటి భార్య, టర్కీలో పుట్టింది. విడాకులు అయి ఏళ్ళు గడిచాక తిరిగొచ్చి, ఏళ్ళ తరబడి కూర్చుని బాగుచేయించింది. 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. పెళ్ళి నిలవకపోయినా ఆ ఊరితో ముడి తెంచుకోలేదు ఆవిడ. కోటలు కట్టించిన మగవాళ్ళ పేర్లు పాఠాల్లో చదివాం. కూలిపోతున్న దాన్ని నిలబెట్టిన ఆడవాళ్ళ పేర్లు కూడా మన పిల్లలకి మనమే చెప్పాలి.

సాయంత్రానికి లాడ్ బజారు. ఆ దీపాల వెలుగులో లక్కగాజులు చూస్తే ఏ వయసు వాళ్ళకైనా చెయ్యి చాపబుద్ధేస్తుంది. హైదరాబాదు లక్కగాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక దుకాణం వెనక తయారీ చూడనిచ్చారు. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్ద మెత్తబడుతుంది. దాన్ని సాగదీసి సన్నటి కడ్డీలా దొర్లించి, సెగ తగలనిస్తూ గుండ్రంగా వంచి రెండు కొసలూ అతికిస్తారు. తర్వాత రంగు లక్క పూత. అసలు పని ఆ తర్వాతే: గాజు చల్లారకముందే ఒక్కొక్క రాయినీ సూదిలాంటి పనిముట్టు మొనతో అద్దాలి. చల్లారితే రాయి దిగదు, మరీ వేడిగా ఉంటే మునిగిపోతుంది. మళ్ళీ సెగ, మళ్ళీ నాలుగు రాళ్ళు. ఈ రాళ్ళు పొదిగే పని పాతబస్తీ ఇళ్ళల్లో ఎంతోమంది ఆడవాళ్ళు చేస్తారు. అది చూశాక మా షాపు ఆవిడ బేరం ఆడనివ్వలేదు. "నా బ్లౌజు కుట్టుకూలికి బేరమాడితే నాకెలా ఉంటుందో నాకు తెలుసు" అంది. వాళ్ళు అడిగిన ధర ఇచ్చేశాం.

రాత్రి గదిలో కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడు మొదలయ్యాయి అసలు మాటలు. బ్యాంకు ఆవిడకి ప్రమోషన్ వస్తే బదిలీ తప్పదని వదులుకుందట, ఆ మాట ఇన్నాళ్ళూ మాలో ఎవరికీ చెప్పలేదు. టీచరు తన ఆరోగ్యం గురించి ఒక భయం చెప్పింది. ఇంటికి వెళ్ళగానే డాక్టరుకి చూపించుకుంటానని మా చేతిలో చెయ్యి వేసింది, చూపించుకుంది కూడా. ఫోన్లో అయితే ఈ మాటలు రావు. పగలంతా కలిసి నడిచి, కలిసి తిని, కలిసి అలిసిపోయిన మనుషుల మధ్యనే వస్తాయి.

ఆదివారం పొద్దున్నే గోల్కొండ. కోట గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్న బాలాహిస్సార్ మీద వినిపిస్తుందని చిన్నప్పుడు పాఠంలో చదివినదే. పైకి 360 దాకా మెట్లున్నాయి. మోకాళ్ళ నొప్పున్న బ్యాంకు ఆవిడ కిందే ఉండిపోయింది. తను మూడు చప్పట్లు, ఆగి రెండు చప్పట్లు కొట్టేట్టు ఒప్పందం. మేం పైకెక్కి చెవులు రిక్కించాం. కింద నుంచి ఎందరివో చప్పట్లు వస్తూనే ఉన్నాయి. వాటి మధ్యలో స్పష్టంగా మూడు, కాస్త ఆగి రెండు. ముగ్గురం ఒకేసారి "తనే!" అని అరిచాం. ఎక్కలేని వాళ్ళని వదిలేసి ఎక్కిన వాళ్ళు పోవడం స్నేహం కాదు. ఎవరి శక్తిని బట్టి వాళ్ళకి ఒక పాత్ర ఉండేట్టు చూసుకోండి.

దారిలో రామదాసు చెర. భద్రాచలం గుడి కట్టించిన కంచెర్ల గోపన్నని గోల్కొండ నవాబు తానీషా బంధించిన చోటు అని చూపిస్తారు. మా గోదావరి వాళ్ళకి ఆ గుడి ఇంటి గుడే కదా, అక్కడ నిలబడి దణ్ణం పెట్టుకున్నాం. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది కూడా ఈ కోటలోని జగదాంబ మహంకాళి దగ్గరే.

కోటకి దగ్గర్లోనే కుతుబ్ షాహీ సమాధులు. ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్ళకి పైగా వీటిని బాగుచేసింది. తోటలు, మెట్లబావులు, గచ్చు పనితనం ఇప్పుడు చూసి తీరాలి. రాజుల గోపురాల మధ్య, వాటికి తీసిపోకుండా ఒక పెద్ద గోపురం ఉంది. అది హయత్ బక్షీ బేగంది. చార్మినార్ కట్టించిన రాజుకి కూతురు, తర్వాతి రాజుకి భార్య, ఆ తర్వాతి రాజుకి తల్లి. 1626లో భర్త పోయేనాటికి కొడుకు పన్నెండేళ్ళ వాడు. రాజ్యం నడిచేట్టు చూసింది ఆవిడే. 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి దండెత్తి వస్తే, కొడుకు తరఫున ఆవిడే స్వయంగా వెళ్ళి సంధి మాట్లాడింది. 1667లో చనిపోయింది. బెజవాడ నుంచి బస్సులో వచ్చేవాళ్ళు హయత్‌నగర్ మీదుగానే ఎక్కువగా నగరంలోకి వస్తారు. అది ఆవిడ పేరు మీద వెలసిన ఊరే. ఇన్నేళ్ళూ బస్సు కిటికీలోంచి ఆ బోర్డు చదువుతూనే ఉన్నాం, ఆవిడెవరో ఎవరినీ అడగలేదు.

అక్కడి పచ్చిక మీద ఒక గంట ఊరికే కూర్చున్నాం. చూడాల్సినవి ఇంకా ఉన్నాయని తెలుసు. జూపార్కు, బిర్లా మందిరం, ఫిల్మ్ సిటీ ఏవీ చూడలేదు. మౌలాలి గుట్ట కింద కవయిత్రి మహ్ లఖా బాయి చందా సమాధి కూడా మిగిలిపోయింది. ఉర్దూ గజళ్ళ సంపుటి తన పేరు మీద తెచ్చుకున్న తొలి స్త్రీలలో ఆవిడొకరు. మిగిలిపోయిందని బాధపడలేదు. మళ్ళీ రావడానికి ఒక కారణం చేతిలో ఉంది.

సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నడక. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధుడు, ఏకశిలా విగ్రహం. 1990లో పడవ మీద తరలిస్తుంటే నీళ్ళలో పడిపోయింది, అప్పుడు కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. మళ్ళీ తీసి 1992లో నిలబెట్టారు. గట్టు మీద విగ్రహాల వరసలో మా ఊరి నన్నయ్య గారిని, ధవళేశ్వరం కాటన్ దొరని పలకరించాం. రామదాసు, తానీషా ఇద్దరూ ఒకే గట్టు మీద ఉన్నారు. రుద్రమదేవినీ మొల్లనీ మాత్రం వెతుక్కుని మరీ చూశాం. చీకటి పడ్డాక కూడా నలుగురం ధైర్యంగా నడిచాం. ఈ నగరంలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. ఆపదలో 112కి ఫోను చెయ్యొచ్చు. ఇంట్లో వాళ్ళకి ఫోన్లో లైవ్ లొకేషన్ పంపి ఉంచాం. జాగ్రత్త వేరు, భయం వేరు. మొదటిది సంచిలో పెట్టుకోండి, రెండోది ఇంట్లో వదిలేయండి.

ఇంటికొచ్చాక ఏమైంది అంటారా? సింకులో గిన్నెలున్నాయి, ఉతకాల్సిన బట్టలున్నాయి. కానీ ఎవరూ పస్తు పడుకోలేదు, ఇల్లు నిలబడే ఉంది. మేం ఇంట్లోకి వచ్చిన తీరు మాత్రం వేరుగా ఉందని మా వాళ్ళే అన్నారు. చెప్పడానికి మాకు కొత్త కబుర్లున్నాయి. మా అమ్మాయి హయత్ బక్షీ బేగం కథ రెండుసార్లు చెప్పించుకుంది.

మీరు హైదరాబాదులోనే ఉంటే వరంగల్ వెళ్ళండి. వెయ్యి స్తంభాల గుడి, కోటలో కాకతీయుల తోరణాలు, కాస్త దూరంలో 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప. రుద్రమదేవి ఏలిన నేల అది. బెంగళూరు చెల్లెళ్ళకి మైసూరు దగ్గర, ఆదివారం రాత్రి ప్యాలెస్‌కి దాదాపు లక్ష బల్బులు వెలిగిస్తారు. మా గోదావరి వైపు వాళ్ళకి విశాఖ ఉండనే ఉంది, రామకృష్ణా బీచ్‌లో జలాంతర్గామి లోపలికి వెళ్ళి చూడొచ్చు. డబ్బు అంత లేదనుకుంటే మీ జిల్లా కేంద్రమే చాలు, ఒక్క రోజే చాలు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆయా రాష్ట్రాల ఆడవాళ్ళకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కదా. ఆ సదుపాయం ఆఫీసుకీ ఆసుపత్రికీ మాత్రమే అని ఎవరూ అనలేదు.

ఇవాళే ఇద్దరు స్నేహితురాళ్ళకి ఫోను చెయ్యండి. ఊరి గురించి తర్వాత కొట్లాడుకోవచ్చు, ముందు తేదీ ఖాయం చెయ్యండి. రాలేనన్న వాళ్ళింటికి వెళ్ళి పక్కన కూర్చుని, ఎందుకు రాలేరో కాగితం మీద రాయించండి. వెళ్ళొచ్చాక ఏ ఊరు చూశారో, ఎవరి కథ తెలుసుకున్నారో, రాత్రి ఏం మాట్లాడుకున్నారో నాకు రాయండి. వచ్చే సంచిక ముచ్చట్లు మీ కబుర్లతోనే నింపుదాం. ఉంటాను మరి.